గోడ ఆరడం వేరు, గట్టిపడడం వేరు

ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు కంటే మాటలే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టాయి. స్లాబ్ వేసిన సాయంత్రం మేస్త్రి "రేపటి నుంచి క్యూరింగ్ చూసుకోండి సార్" అంటే, ఆరేదాకా ఎవరినీ ఎక్కనివ్వొద్దని అర్థం చేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి స్లాబ్ తెల్లగా ఎండిపోయి కనిపిస్తే బాగా ఆరిందని సంతోషపడ్డాను కూడా. ఆయన వచ్చి చూసి, మాట్లాడకుండా ముందు నీళ్ల పైపు పట్టుకున్నాడు.

సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లతో జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. నీళ్లు ఆవిరైపోతే ఆ చర్య సగంలో ఆగిపోతుంది, పైన సన్న పగుళ్లు వస్తాయి. అందుకే స్లాబ్ మీద చిన్న గట్లు కట్టి మళ్లలాగా నీళ్లు నిలబెడతారు, స్తంభాలకు గోనె పట్టాలు చుట్టి తడుపుతారు. కనీసం 7 రోజులు తడి ఆరకూడదు, ఎండలు మండుతుంటే ఇంకా ఎక్కువ రోజులు. కాంక్రీటు బలాన్ని 28వ రోజు లెక్కన చూస్తారు, అయినా మొదటి వారంలో చేసిన నిర్లక్ష్యం తర్వాత ఎంత తడిపినా పూర్తిగా సర్దుకోదు. క్యూరింగ్ అంటే తడపడం అని ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ ఒక్క రోజు కూడా పోయేది కాదు.

కవర్ బ్లాక్ కూడా అలాంటి మాటే. చూడ్డానికి చిన్న సిమెంటు బిళ్ల, కానీ ఇనుప చువ్వ సెంట్రింగ్ చెక్కకి, అంటే కాంక్రీటు పోయడానికి కింద కట్టే చెక్కకి ఆనకుండా ఎత్తి పట్టేది అదే. అది లేకపోతే చువ్వ బయటికి దగ్గరగా ఉండిపోయి, చెమ్మ తగిలి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అప్పుడు కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పాత ఇళ్ల సజ్జల కింద చువ్వలు బయటపడి కనిపించేది చాలావరకు ఇందుకే.

ఇక కొలతల దగ్గర, స్కర్టింగ్‌కి, అంటే గోడ అడుగున నేలను ఆనుకుని వేసే పట్టీకి రేటు చెప్తే అది రన్నింగ్ ఫుట్‌కా (పొడవు ఒక్కటే కొలిచే అడుగు), చదరపు అడుగుకా అని అడగాల్సిందే. 4 అంగుళాల ఎత్తున 30 అడుగుల పొడవు పట్టీ వేస్తే 30 రన్నింగ్ ఫుట్లు, అదే చదరపు అడుగుల్లో 10 మాత్రమే. రేటు దేనికో కాగితం మీద రాయించుకున్నాకే నేను పని మొదలుపెట్టమన్నాను.