ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్లం

“ఈ పేరు మీ వైపుదే కదా. మీరు రాసిన ప్రోగ్రాముకు ఆ సంగతి ఎందుకు తెలియలేదు?” మా నియామకాల విభాగంలో 28 ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడ కిందటి నెలలో ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ గొంతు పెంచలేదు. ఒక నర్సు ఫైలులోని నాలుగు కాగితాలను నా ముందు పరిచి, పేరు ఉన్న చోటల్లా పెన్సిలుతో గీసిన గీతలను చూపించి, జవాబు కోసం నిలబడ్డారు. ఆ పూట నేను ఏదో చెప్పి పంపించాను గానీ, చెప్పిన జవాబు నాకే నచ్చలేదు.

ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద నడిచే ఒక ఆస్పత్రి ట్రస్టులో ఆటోమేషన్ పని చేస్తున్నాను. ఇక్కడ ఇంటర్వ్యూలో ఎంపికైనంత మాత్రాన ఎవరూ ఉద్యోగంలో చేరిపోరు. గుర్తింపు, ఈ దేశంలో పనిచేసే హక్కు, వృత్తి రిజిస్ట్రేషన్, గత ఉద్యోగాల చరిత్ర, నేర చరిత్ర, ఆరోగ్యం అని ఆరు తనిఖీలు పూర్తయితేనే చేరే తేదీ ఇస్తారు. ఇదివరకు ఒక గుమాస్తా దరఖాస్తు తెరిచి, నర్సుల కౌన్సిల్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ చూసి, పాత యజమానులకు ఉత్తరాలు రాసి, వచ్చిన జవాబులను ఒక తెర మీద చదివి ఇంకో తెర మీద మళ్లీ టైపు చేసేవారు. చివరికి ఆ వివరాలన్నీ జీతాలు కూడా అందులోనే నడిచే ఈఎస్‌ఆర్ అనే ఉద్యోగుల రికార్డులోకి చేరాలి. ఆ చదవడం, పోల్చడం, టైపు చేయడం ఇప్పుడు నేను రాసిన బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము, రాత్రిపూట చేస్తుంది. వార్డులో ఒక ఖాళీ ఎన్నాళ్లు నిండకపోతే అన్నాళ్లు ఏజెన్సీ నర్సులకు ఎక్కువ సొమ్ము పోయాలి, లేదంటే ఉన్నవాళ్లే అదనపు షిఫ్టులు మోయాలి. కాబట్టి ఈ పని రోగికి కూడా మేలు చేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

జరిగింది ఇది. ఒంగోలు వైపు అమ్మాయి ఒకామె, ఇంగ్లండులోనే వేరే ఊరి ఆస్పత్రిలో రెండేళ్లుగా నర్సుగా చేస్తూ మా దగ్గర ఎంపికైంది. భర్త, చిన్నబిడ్డ అప్పటికే మా ఊరికి వచ్చేశారు. ఆమె ఒక్కతే అక్కడ అద్దె గదిలో ఉంటోంది. గత మూడేళ్ల ఉద్యోగ చరిత్ర చూడాలన్నది నియమం కనుక, విజయవాడలో ఆమె అంతకుముందు పనిచేసిన ఆస్పత్రి నుంచి కూడా ధ్రువీకరణ కావాల్సి వచ్చింది. అది సమయానికే వచ్చింది. అయితే అందులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో ఉంది. పేరులోని లక్ష్మిని ఒకచోట కె, ఎస్, హెచ్‌లతోనూ, మరోచోట ఎక్స్‌తోనూ రాశారు. అక్షరానికి అక్షరం సరిపోలాలని నేను పెట్టిన షరతు దగ్గర ఫైలు ఆగిపోయింది. పేరు సరిపోలిన ధ్రువీకరణ పంపమని బాట్ ఆమెకు వారానికొకటి చొప్పున మూడు ఉత్తరాలు పంపింది. ఆమె మూడింటికీ జవాబిచ్చింది. ఆ జవాబులు ఎవరూ తెరవని మెయిల్‌బాక్సులో పడ్డాయి.

నాలుగో వారం ఆమె నేరుగా ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తినది మా పెద్దావిడ. మీ ఊళ్లో పేరు ఎలా రాస్తారు, ఈ పొడి అక్షరం దేనికి అని అడిగి, ఆమె చెప్పింది రాసుకుని, పాస్‌పోర్టు నంబరూ పుట్టిన తేదీతో సరిచూసుకుని, ఫైలులో సంతకంతో ఒక గమనిక రాసేశారు. అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాతే నా బల్ల దగ్గరికి వచ్చారు.

నా తరఫున చెప్పుకోవలసినవీ లేకపోలేదు. పేరు అచ్చంగా సరిపోలాలని కోరింది నియామకాల విభాగమే. ఆ షరతు రాసిన కాగితం మీద వాళ్ల ఆమోదం కూడా ఉంది. ఒకరి పత్రాలతో మరొకరు రోగుల మధ్యకు రాకూడదంటే తనిఖీ గట్టిగానే ఉండాలి. పైగా నాకు ఇంకో భయం ఉండింది, దాన్ని ఆవిడతో చెప్పలేదు. మన వాళ్ల పేర్ల కోసం నియమం సడలిస్తే, తెలుగువాడు కనుక తెలుగువాళ్లకు దారి వదిలాడని ఎవరైనా అంటారేమోనని. పరాయి దేశంలో పనిచేసేవాడికి ఈ జాగ్రత్త తెలియకుండానే అలవాటవుతుంది. మన సంగతి మనమే ఎత్తకూడదనిపిస్తుంది. ఎవరో గుర్తుచేయకపోతే నా ఇంటిపేరు కూడా ముందే ఉంటుందన్నది నాకు గుర్తురాలేదని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆ రోజుల్లో మా అక్క మాటిమాటికీ గుర్తొచ్చింది. కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టుకు ఆమెను వెంటబెట్టుకుని డీఎంహెచ్‌వో ఆఫీసుకు వెళ్లిన రోజు. స్థానికత నిరూపణకు నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఒరిజినళ్లు, రెండు సెట్ల జిరాక్సులు, ఎండలో వరుస, గోడకు అంటించిన తాత్కాలిక మెరిట్ జాబితా, అభ్యంతరాల గడువు. మా అక్క మార్కుల మెమోలో ఒక పేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో మరో ఇంటిపేరు. లోపలున్న గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూసి, “పుట్టింటి పేరా అమ్మా ఇది? అయితే ఒక డిక్లరేషన్ రాసివ్వండి” అని, కాగితం కూడా తనే ఇచ్చాడు. ఆ నియామకం తుదిజాబితా దాకా రావడానికి నెలలు పట్టిందనీ, ఆ నెలల్లో ఎన్నిసార్లు తిరిగామనీ నాకు బాగా తెలుసు. అయినా ఆ కిటికీ దగ్గర మా అక్క పేరు ఎవరికీ వింత కాలేదు. ఆ ఒక్క సౌకర్యం విలువ అక్కడున్నప్పుడు నాకు తెలియలేదు.

మెయిల్‌బాక్సు తెరిచి ఆ నర్సు జవాబులు చదివాను. మూడూ క్షమాపణతోనే మొదలయ్యాయి. రెండోదానికి ఒంగోలులో నోటరీ చేయించి తెప్పించిన స్టాంపు కాగితం స్కాను జతచేసి ఉంది: ఈ రెండు పేర్లూ నావే, ఇద్దరూ ఒకే వ్యక్తి అని. నోటరీ ముద్ర సగం ఆమె సంతకం మీద పడింది. ఆ కాగితం కోసం ఆమె తండ్రి రెండు రోజులు తిరిగారని తర్వాత తెలిసింది. నేను ఆమెకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడగానే కాసేపు నిశ్శబ్దం. తర్వాత అంది: “మీరు మనవాళ్లా అన్నయ్యా? ఆ ఉత్తరాలు ఎవరో మేడమ్ రాస్తున్నారనుకున్నాను. మాటిమాటికీ ఇబ్బంది పెడుతున్నానని ప్రతిసారీ సారీ చెప్పి రాశాను.” అవి యంత్రం పంపినవని, ఆ యంత్రాన్ని రాసింది నేనేనని చెప్పాను. “పోనీలే అన్నయ్యా, ఇప్పుడు అయిపోయిందిగా” అంది. ఆ మాట కన్నా నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

ఆగిపోయిన ఫైళ్ల వరుసను మొదటి నుంచీ ఒక్కొక్కటిగా చూశాను. మనవాళ్లొక్కరే కాదు. తండ్రి పేరులోని మొదటి అక్షరం మోసుకొచ్చే తమిళులూ మలయాళీలూ ఉన్నారు. పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉండే ఫిలిప్పీన్స్ నర్సులు ఉన్నారు. రెండు ఇంటిపేర్లతో వచ్చే స్పెయిన్ వాళ్లు ఉన్నారు. 1948లో మొదలైనప్పటి నుంచీ ఎన్‌హెచ్‌ఎస్ వార్డులు నడవడానికి బయటి దేశాల నర్సులు కావలసి వస్తూనే ఉన్నారు. పేరు ఒక్కచోట మొదలై ఒక్కచోట ముగుస్తుందన్న లెక్కలో ఇమడనివాళ్లు వాళ్లలో ఎందరో.

నియమం మార్చాను. ఇప్పుడు పేరులోని మాటల వరుస ఏదైనా బాట్ ఆగదు, పొడి అక్షరాన్ని పూర్తి మాటతో పోల్చి చూస్తుంది, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కలిస్తే గమనిక రాసి ముందుకు పంపుతుంది. అప్పటికీ తేలకపోతే రెండో ఉత్తరం పంపే అధికారం దానికి లేదు. ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే. ఉత్తరాలకు వచ్చే జవాబులు విభాగంలోని మనుషులకే వెళ్తాయి. దీనివల్ల రోజుకు కొన్ని ఫోన్లు పెరిగాయని ఒకరిద్దరు అన్నారు. పెరగనివ్వండి అన్నాను.

పోయిన వారం పెద్దావిడ తన నీలం అట్ట నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ. పేర్లు ఎలా రాస్తారు, పిలవాల్సిన పేరు ఏది, పెళ్లితో ఏం మారుతుంది అన్నీ పెన్సిలుతో, కొన్ని చోట్ల కొట్టివేసి మళ్లీ రాసి ఉన్నాయి. ఇండియా పేజీలో చివర “దక్షిణం – అడగాలి” అని ఉంది, కింద ఖాళీ. పెన్సిలు నా చేతికిచ్చారు. తెలుగువాళ్లకైతే ఇంటిపేరు ముందు, పిలిచే పేరు చివర, పదో తరగతి పత్రంలో ఉన్నదాన్నే మా దగ్గర అసలు పేరుగా చూస్తారు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారవచ్చు, మారకపోవచ్చు అని రాసిచ్చాను. చదివి, “రెండు ఇంటిపేర్లూ ఉన్న కాగితాలు వస్తే ఏది వేయాలి?” అన్నారు. పాస్‌పోర్టులో ఉన్నది వేసి, బ్యాడ్జి మీద మాత్రం ఆమె ఏది కోరితే అది వేయమన్నాను. ఆ ఒంగోలు అమ్మాయికి వీసా కోసం యజమాని ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ పంపించేశారు, వీసా రావాల్సి ఉంది. బ్యాడ్జి మీద లక్ష్మి అని చాలన్నది.