నాటక సమాజం: మొదటి ఏళ్ల డబ్బు, లెక్కలు

అనంతపురంలో కొత్తగా నాటక సమాజం పెట్టేవాళ్లు ముందు రిహార్సల్ గది వెతుకుతారు. నగదు పుస్తకం ఎవరు రాస్తారో ముందు తేల్చుకోండి.

డబ్లిన్‌లోని అబ్బీ థియేటర్ సంగతే తీసుకోండి. 1904లో ఆనీ హార్నిమన్ అనే ఇంగ్లండావిడ సొంత డబ్బుతో భవనం సిద్ధం చేయించింది, తర్వాత కూడా ఆదుకుంది. ఆవిడ ఐర్లండ్ నివాసి కాదు గనుక ప్రదర్శనల అనుమతి థియేటర్ స్థాపకుల్లో ఒకరైన లేడీ గ్రెగరీ పేరున తీసుకున్నారు. 1905లో లిమిటెడ్ కంపెనీ అయ్యాక పెత్తనం ముగ్గురు డైరెక్టర్లకు వెళ్లింది. అది నచ్చక కొందరు నటులు విడిపోయారు. 1910లో బ్రిటన్ రాజు ఎడ్వర్డ్ చనిపోయినప్పుడు థియేటర్ మూయలేదని హార్నిమన్‌కు కోపం వచ్చింది, సాయం ఆగింది. ప్రభుత్వ గ్రాంటు, 850 పౌన్లు, 1925లో గానీ రాలేదు. మధ్యలో పదిహేనేళ్లు!

మన దగ్గర సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం 7 మంది సభ్యులు కావాలి. చెక్కు మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలూ ఉండాలని నియమావళిలోనే రాసుకోండి. చందాలు ఒకరి సొంత ఖాతాలో పడ్డాయంటే ఆడిట్ నాటికి ఏది ఎవరిదో తేలదు, స్నేహాలు చెడతాయి. హార్మోనియం ఆయనకు, మేకప్ ఆయనకు ఇచ్చిన ప్రతి పైసాకూ ఓచరు రాయండి: తేదీ, పని, మొత్తం, సంతకం. 5,000 రూపాయలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. గ్రాంటు మంజూరైనా డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. హాలు అద్దె, డ్రస్సుల అడ్వాన్సు మాత్రం ముందే కట్టాలి. ఒక ప్రదర్శన ఖర్చు ఎప్పుడూ ఖాతాలో ముట్టుకోకుండా ఉంచండి.