మా పాత ఇండికా డీజిల్ పంపు, ఓ కూల్‌డ్రింక్ సీసా

కార్తీక మాసంలో మొదలైంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది కానీ అందుకోదు. పది సెకన్లు కొట్టి ఆపాలి, హీటర్ లైటు ఆరేదాకా ఆగాలి, మళ్ళీ కొట్టాలి. నాలుగోసారికో అయిదోసారికో ఓ సిలిండరు దగ్గుతుంది, తర్వాత ఇంకోటి, చివరికి వీధంతా తెల్లపొగ నింపి నిలబడుతుంది. ఒకసారి స్టార్టయిందా, ఇక రోజంతా ఏ గొడవా లేదు. సంతకెళ్ళి గంట ఆగి వచ్చినా తాళం తిప్పగానే లేస్తుంది. రాత్రి పడుకుని లేచాకే దానికి మొండితనం.

మాది 2004 ఇండికా వీ2. 1405 సీసీ డీజిల్ ఇంజను, టర్బో కూడా లేనిది. నాన్న రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. "కాటాకి వేసేయరా" అని మా బావ అన్నప్పుడల్లా నాన్న లేచి లోపలికి వెళ్ళిపోతారు. అందుకని రిపేరు తప్ప దారి లేదు.

తెనాలిలో ఎవరికి చూపిస్తే వాళ్ళు తాము అమ్మే వస్తువే పాడయిందన్నారు. బ్యాటరీ షాపాయన బ్యాటరీ అన్నాడు, మార్చాం. ఎలక్ట్రీషియన్ హీటర్ ప్లగ్గులన్నాడు (చల్లటి ఇంజను అందుకోడానికి సిలిండర్లని ముందు వేడెక్కించేవి). నాలుగిట్లో ఒకటి నిజంగానే కాలిపోయి ఉంది, నాలుగూ మార్చాం. పొగ కాస్త తగ్గింది, మొండితనం తగ్గలేదు. ఇంకొకాయన సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు మార్చాడు. డీజిల్ ఫిల్టరు రెండుసార్లు మారింది. చివరికి ఒక పెద్ద షెడ్డులో కుర్రాడు బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి, "పంపు పోయింది సార్, కొత్తది ముప్పై వేలు దాటుద్ది" అన్నాడు. పంపు పేరెత్తిన మొదటివాడు అతనే. కానీ పోయిన పంపుతో కారు రోజంతా అంత బాగా ఎలా నడుస్తుందో అడిగితే జవాబు లేదు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పిల్లలకి సైఫన్ గురించి, అంటే గొట్టంలోంచి ద్రవం పై నుంచి కిందికి తనంతట తనే జారిపోవడం గురించి, ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి, నా కారు దగ్గరికొచ్చేసరికి నాలుగు నెలలు అది తట్టలేదు.

డీజిల్ పంపంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగి, ఒత్తిడితో ఒక్కో సిలిండరుకీ పంచేది. ఈ కారులో ఉండేది మైకో వాళ్ళ వీఈ రకం రోటరీ పంపు. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారినా విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ దాన్ని మైకో పంపనే అంటారు. లోపల ఒకే ఒక్క ప్లంజరు, అంటే డీజిల్‌ని నెట్టే ఉక్కు కడ్డీ, ఉంటుంది. అది తిరుగుతూనే ముందుకీ వెనక్కీ పోతుంది. వెనకున్న కేమ్ ప్లేటుకి నాలుగు గుబ్బలుంటాయి, అవి రోలర్ల మీద ఎక్కిదిగినప్పుడల్లా ప్లంజరు ఒక పోటు పొడుస్తుంది. తిరగడం వల్ల ఆ పోటు వంతులవారీగా నాలుగు పైపుల్లోకి పోతుంది. ఇంజను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు, టైమింగు (డీజిల్ పడే సమయం) ముందుకి జరిపే పిస్టను, ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే చిన్న వేన్ పంపు, అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే. డబ్బా నిండా ఎప్పుడూ డీజిలే. దానికి వేరే ఇంజనాయిల్ ఉండదు, డీజిలే కందెన.

ట్యాంకు కింద ఉంటుంది, పంపు పైన. ఇంజను ఆగాక పంపులో ఎక్కడైనా సీలు వదులైతే డీజిల్ బయటికి కారాలని లేదు, గాలి లోపలికి పోతుంది. గాలి దూరినంత మేరా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారుకుంటుంది. తెల్లారేసరికి పంపులో సగం గాలే. పొద్దున మనం కొట్టే సెల్ఫంతా ఆ గాలి తోలడానికే. గంటసేపు ఆపితే అంత గాలి చేరదు, అందుకే పగలు గొడవ లేదు. ఇదంతా ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను.

మా వీధి మెకానిక్కు అప్పారావు బాబాయి (అసలు పేరు వేరే, వద్దన్నాడు) ఒక మాటన్నాడు: "గాలి పంపులో దూరతందో, పంపు దాకా వచ్చే దారిలో దూరతందో ముందు తేల్చు. తేల్చకుండా పంపు విప్పితే డబ్బు దండగ." తాపీ మేస్త్రీలు నీటిమట్టం చూసుకునే తెల్ల ట్యూబు రెండు మీటర్లు కొన్నాం. పంపులోకి వచ్చే పైపు తీసి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మూతకి చిల్లి పెట్టి, ట్యూబు దూర్చి, సీసా నిండా డీజిల్ పోసి బానెట్ కొక్కేనికి తలకిందులుగా వేలాడదీశాం. సీసా అడుగున గాలికి ఒక సూది బెజ్జం. ట్యాంకు, ఫిల్టరు, ఇనప లైను, అన్నీ లెక్కలోంచి తీసేసినట్టు. పంపు కన్నా డీజిలే పైన ఉంది కాబట్టి సీలు పోతే గాలి లోపలికి రాదు, డీజిలే బయటికి రావాలి.

మొదటి రాత్రి బోల్తాపడ్డాం. పొద్దున చూస్తే సీసా ఖాళీ. పంపు కింద పెట్టిన అట్టముక్క మాత్రం పెద్దగా తడవలేదు. రెండు లీటర్లు ఎటు పోయింది? పంపు నుంచి ట్యాంకుకి పోయే రిటర్న్ పైపు అలాగే వదిలేశాం. డీజిల్ పంపులోంచి దర్జాగా ట్యాంకులోకి నడిచి వెళ్ళిపోయింది. ఫిజిక్స్ మాస్టారి పరువు దానితోపాటే పోయింది. బాబాయి నవ్వలేదు, అది ఇంకా కష్టం.

రెండో రాత్రి రిటర్న్‌కి కూడా తెల్ల ట్యూబు వేసి, దాని కొసని సీసా కన్నా పైకి కట్టాం. పొద్దున అయిదున్నరకి మంచులో టార్చి వేసి చూశాను. అట్టముక్క మీద అరచేయంత మరక. పంపు పైన యాక్సిలరేటర్ లివరు తిరిగే ఇరుసు దగ్గర ఒక బొట్టు, టార్చి వెలుగులో తేనె రంగులో వేలాడుతోంది. చూస్తుండగానే రాలింది. నాలుగు పైపులు బయల్దేరే హెడ్డు, పంపు బాడీ కలిసే చోట కూడా తడి. హీటరు పెట్టి తాళం తిప్పితే మొదటి కొట్టుడుకే లేచింది. నాన్న లుంగీలో బయటికొచ్చి "ఏం చేశావురా?" అన్నారు. సీసా చూపించాను.

పంపు దింపడం బాబాయే చేశాడు. ఈ ఇంజనులో పంపుని టైమింగ్ బెల్టే తిప్పుతుంది కనక బెల్టు తీయాలి, పుల్లీలు కదలకుండా బిగించాలి, పంపు ఫ్లాంజికీ బ్రాకెట్టుకీ కలిపి ఉలితో సన్నగీత కొట్టాలి, మళ్ళీ బిగించేటప్పుడు పంపు అదే చోట కూర్చునేలా. పైపులు విప్పిన ప్రతి మూతికీ పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. లోపలి భాగాలు మైక్రాన్ల తేడాతో అమరి ఉంటాయి, ఒక్క ఇసుక రేణువు పోయినా చాలు. డీజిల్ వంపేసి, గుడ్డలు చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కి విజయవాడ వెళ్ళాను. ఎంత తుడిచినా వాసన పోదు. పక్క సీటు పెద్దాయన మంగళగిరి దాకా ఓర్చుకుని, "మోటారా?" అనడిగి, కిటికీ వైపు జరిగాడు.

ఆటోనగర్‌లో పంపుల పని మాత్రమే చేసే చిన్న షాపది. పని చేసే గది విడిగా ఉంది, అద్దాల తలుపుతో. సాయిబుగారికి అరవై దాటి ఉంటాయి. పంపు చేతిలోకి తీసుకుని షాఫ్టు పైకీ కిందికీ ఊపి చూశారు, "బుష్ ఉంది, భయం లేదు" అన్నారు. పై మూత విప్పి వంచితే లోపల్నుంచి నల్లటి జిడ్డు, దానడుగున టీ డికాషన్ రంగు నీళ్ళు ఒక చెంచాడు వచ్చాయి. "ఫిల్టరు కింద నీళ్ళు వదలడం లేదు కదూ మాస్టారూ?" అన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ స్క్రూ నేను ముట్టుకోలేదు.

నాకు గుర్తుండిపోయింది ప్లంజరు చూసిన తీరు. కిరోసిన్‌లో కడిగి, ట్యూబ్‌లైటు కింద వేళ్ళతో తిప్పుతూ చూశారు. అద్దంలా ఉంది, ఒకచోట వెంట్రుక మందాన గీత. గోరుతో గీకి చూసి తల ఊపారు. తర్వాత హెడ్డుని నిలువుగా పట్టుకుని, తడి ప్లంజరుని సగం దూర్చి వదిలారు. అది పడలేదు. తన బరువుకి తనే, ఏ తొందరా లేకుండా, మెల్లగా దిగింది. కాస్త తిప్పి మళ్ళీ వదిలారు, మళ్ళీ అదే నడక. టపుక్కున పడితే అరిగిందని అర్థం, ఎక్కడైనా ఆగితే లోతుగా గీత పడిందని. "హెడ్డు బతికే ఉంది. మీకు ఖర్చు రబ్బరుదే." హెడ్డు పోయుంటే ఆ షెడ్డు కుర్రాడి ముప్పై వేలకి దగ్గరగా వెళ్ళేవాళ్ళం.

పాత ఓ-రింగు, అంటే సీలుగా వేసే రబ్బరు చుట్టు, ఒకటి నా చేతిలో పెట్టారు. గుండ్రంగా ఉండాల్సినది బల్లపరుపుగా అణిగిపోయి, వంచితే పుటుక్కుమంది. "డీజిల్ మారింది, ఇది మారలేదు" అన్నారు. ఆ మాట నిజమే. బీఎస్ అంటే మన కాలుష్య ప్రమాణాలు. బీఎస్-3 నాటి డీజిల్లో గంధకం 350 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 350) దాకా ఉండొచ్చు, బీఎస్-4లో 50. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6, అంటే 10. గంధకం తీసే ప్రక్రియలోనే పాత రబ్బరుని ఉబ్బించి ఉంచే ఆరోమాటిక్ పదార్థాలూ తగ్గుతాయి. ఏళ్ళ తరబడి ఉబ్బి ఉన్న సీలు అప్పుడు ముడుచుకుంటుంది. ఆయన వేసింది వైటాన్ అనే డీజిల్‌ని తట్టుకునే రబ్బరు సీళ్ళు. మామూలు నల్ల రబ్బరు కిట్టు సగం ధరకే వస్తుంది, వద్దన్నారు. డూప్లికేట్ కిట్లు కూడా బోలెడు తిరుగుతున్నాయట, అందుకే ప్యాకెట్టు నా ముందే చింపారు.

బిగించాక టెస్ట్ బెంచి ఎక్కించారు. మోటారు పంపుని తిప్పుతుంటే నాలుగు పైపుల డీజిల్ నాలుగు గాజు గొట్టాల్లో పడుతుంది. మొదటిసారి మూడోది మిగతా వాటికన్నా కిందే ఆగింది. ఆ లైను డెలివరీ వాల్వు విప్పి, రాగి వాషరు మార్చి, మళ్ళీ తిప్పారు. నాలుగూ ఒక గీత మీదికొచ్చాయి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు కూడా తీసుకురమ్మని ముందే చెప్పారు కాబట్టి వాటినీ చేతి పంపు మీద పెట్టి తుంపర చూశారు. రెండు పొడిగా తుంపర కొడుతున్నాయి, రెండు ఉమ్మేస్తున్నాయి. ఆ రెండూ మార్చాం. మొత్తం బిల్లు తొమ్మిది వేల చిల్లర.

ఇక్కడితో కథ అయిపోవాలి, అవలేదు. తెనాలిలో పంపు బిగించిన రోజు బాబాయి ఊళ్ళో లేడు. నాకు ఆగే ఓపిక లేక ఇంకో మెకానిక్కుని పిలిచాను. అతను పైపుల నట్లు నాజిళ్ళ దగ్గర వదులు చేసి, సెల్ఫ్ కొట్టి గాలి తీశాడు, బాగానే తీశాడు. (ఆ చిమ్మే డీజిల్‌కి వేలు అడ్డం పెట్టకండి. నాజిలు నుంచి వచ్చే జల్లు చర్మంలోకి దూసుకుపోతుంది, ఆసుపత్రి పాలవుతారు.) టైమింగు మాత్రం చెవితో పెట్టాడు. కారు లేచింది, కానీ కళ్ళు మండే తెల్లపొగ. రైల్వే ఫ్లైఓవరు మీద రెండో గేరులో ఏడ్చింది. వెనక ఆటోవాడి హారను ఇంకా చెవుల్లో ఉంది.

బాబాయి వచ్చి ఏమీ అనకుండా డయల్ గేజి తెప్పించాడు. హెడ్డులో నాలుగు పైపుల నడిమధ్య ఒక చిన్న బోల్టు ఉంటుంది. అది తీసి, అక్కడ గేజి దూర్చితే దాని మొన ప్లంజరుకి తగులుతుంది. ఇంజనుని చేత్తో వెనక్కి తిప్పుతూ ముల్లు కదలడం ఆగిన చోట సున్నా పెట్టాడు. తర్వాత ముందుకి, మొదటి పిస్టను పైకొచ్చే గుర్తు దాకా. ప్లంజరు ఎంత లేచిందో ముల్లు చెబుతుంది, మిల్లీమీటరులో నూరో వంతుతో సహా. మాన్యువల్లో ఉన్న అంకె కన్నా బాగా తక్కువ చూపించింది, అంటే డీజిల్ ఆలస్యంగా పడుతోంది. ఉలిగీత చూస్తే రెండు సగాలూ ఎడంగా ఉన్నాయి. ఆ మెకానిక్కు గీతని చూడనే లేదు. మూడు నట్లు వదులు చేసి, పంపుని వేలితో తట్టినంత తిప్పి, బిగించి, మళ్ళీ కొలిచి, మళ్ళీ తట్టి, అలా నాలుగుసార్లు. గంటన్నర పట్టింది. స్టార్ట్ చేస్తే పొగ లేదు.

ఇప్పుడు నెలకోసారి ఫిల్టరు కింద స్క్రూ తిప్పి నీళ్ళు వదులుతున్నాను. పోయిన నెల రెండు చుక్కలొచ్చాయి, అంతే. కూల్‌డ్రింక్ సీసా షెడ్డులో మేకుకి వేలాడుతూనే ఉంది, అమ్మ పారేయమంటుంది. మొన్న ఆదివారం కడుగుతుంటే నాజిళ్ళ మీద దారం అల్లిన రిటర్న్ ట్యూబు ఒకచోట తడిగా తగిలింది. మీటరు ముక్క కొనుక్కొచ్చాను. ఈ ఆదివారం బాబాయి ఖాళీయేనట.