గెలిచామని చెప్పుకునే వేళ

ఏ పనైనా పూర్తయ్యేదాకా బయటికి చెప్పవద్దంటారు మన పెద్దలు. సీటు ఖాయమైనట్టు ఉత్తరం రావాలి, వీసా ముద్ర పడాలి, తాంబూలాలు పుచ్చుకోవాలి. అప్పటిదాకా నోరు మెదపకూడదు. దిష్టి తగులుతుందని ఒక భయం, తీరా కాకపోతే నలుగురిలో తలవంపులని ఇంకో భయం. అమెరికా బడుల్లో మన పిల్లలు నేర్చుకునేది వేరు. సాధించినదాన్ని తలెత్తి చెప్పుకోమంటారు అక్కడ. మా ఇంట్లో ఈ రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలబడ్డది 2008లో, బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీ పడిన రోజుల్లో.

మేమప్పుడు అయోవా రాష్ట్రంలో డెమాయిన్‌లో ఉండేవాళ్లం. ఆ పోరు మొదలైంది మా రాష్ట్రంలోనే, జనవరి 3 రాత్రి. బడి వ్యాయామశాలలో కాకస్, అంటే ఓటర్లంతా ఒకచోట చేరి తమ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సభ. అప్పట్లో డెమొక్రాట్ల కాకస్‌లో బ్యాలెట్ పెట్టె ఉండేది కాదు. ఒబామా వాళ్లు ఒక మూల, హిల్లరీ వాళ్లు ఒక మూల, మరో పోటీదారు ఎడ్వర్డ్స్ వాళ్లు ఇంకో మూల నిలబడితే తలలు లెక్కపెట్టేవారు. నూటికి 15 మందైనా చేరని గుంపు నిలిచేది కాదు. ఆ గుంపులో వాళ్లను పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ వచ్చి తమ వైపు రమ్మని బతిమాలుకునేవారు. నవంబరు ఎన్నిక నాటికి 18 నిండేవాళ్లు 17 ఏళ్లకే అందులో పాల్గొనవచ్చు. మా అమ్మాయి అలాగే వెళ్లి హిల్లరీ మూలలో నిలబడింది. మాకు ఇంకా పౌరసత్వం రాలేదు కనుక గోడవారగా నిలబడి చూశాం. మా పక్కనున్న అబ్బాయి, అప్పటికి పన్నెండేళ్లవాడు, కోటు మీద ఒబామా బిళ్ల పెట్టుకుని, వాళ్ల సంఖ్య పెరిగినప్పుడల్లా అక్కకు వినబడేలా చప్పట్లు కొట్టాడు.

ఆ రాత్రి అయోవా ఒబామాది. ఐదు రోజులకే న్యూ హాంప్‌షైర్ హిల్లరీది. ఫిబ్రవరిలో ఒబామా వరుసగా గెలుస్తూ పోయారు. ఒహాయో, పెన్సిల్వేనియా హిల్లరీని నిలబెట్టాయి. అలా మే నెల వచ్చింది. అవతల రిపబ్లికన్ల అభ్యర్థి మెకెయిన్ అని మార్చి 4నే తేలిపోయింది. ఇవతల ఇంకా తేలలేదు.

మే 20న కెంటకీ హిల్లరీకి, ఆరెగాన్ ఒబామాకు వచ్చాయి. దాంతో, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖాయం చేయడానికి ఓటర్లు ఎన్నుకున్న ప్రతినిధుల్లో సగానికి పైగా ఒబామా ఖాతాలో చేరారు. కానీ అభ్యర్థి కావడానికి అది చాలదు. సూపర్ డెలిగేట్లని పిలిచే దాదాపు 800 మంది పార్టీ పెద్దలకూ అప్పట్లో ఓటుండేది. పైగా, గడువు తేదీ కన్నా ముందే ప్రైమరీలు (అభ్యర్థిని ఎంచుకునేందుకు బ్యాలెట్‌తో జరిపే పార్టీ ఎన్నికలు) జరిపారని పార్టీ శిక్షించిన ఫ్లోరిడా, మిషిగన్‌లను ఎలా లెక్కించాలో అప్పటికి తేలనే లేదు. అంటే గెలుపు గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే తగాదా. ప్యూర్టోరికో, మోంటానా, సౌత్ డకోటా ఇంకా ఓటే వేయలేదు.

"గెలిచేశాడు కదా, ఆ మాట చెప్పడానికేం?" అని మా అబ్బాయి గొడవ. "మేము ఇంకా ఓడిపోలేదు" అని అక్క. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న మా అమ్మకు ఈ తగువు వింతగా తోచింది. ఆమెకు తెలిసిన పద్ధతిలో టికెట్టు అధిష్ఠానం ఇస్తుంది. బి-ఫారం ఎవరి చేతిలో పడితే వాళ్లే అభ్యర్థి. రానివాళ్ల ఇంటికి పెద్దలు బుజ్జగింపులకు వెళ్తారు, వినకపోతే వాళ్లు రెబెల్‌గా నామినేషన్ వేస్తారు. "మరి ఇక్కడ బి-ఫారం ఎవరిస్తారే?" అని అడిగింది. ఎవరూ ఇవ్వరమ్మా, జనమే ఒక్కో రాష్ట్రంలో ఇస్తూ వస్తారు అన్నాను. "అయితే అందరూ ఇచ్చేదాకా ఆగాలిగా" అంది.

ఆ రాత్రి ఒబామా మాట్లాడింది మా ఊళ్లోనే, ఈస్ట్ విలేజ్‌లో, ఆరుబయట. మేము టీవీలో చూశాం. గెలుపు ప్రకటిస్తారని ముందు నుంచీ ఊహాగానాలు. ఆయన ప్రకటించలేదు. ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధుల్లో ఆధిక్యం వచ్చిందని చెప్పారు, అభ్యర్థిత్వం అందేంత దూరంలో ఉందన్నారు, అక్కడితో ఆగారు. తర్వాత హిల్లరీ గురించి చెప్పారు. ఆమె అడ్డుగోడలు బద్దలుకొట్టిందని, తన కూతుళ్లూ మీ కూతుళ్లూ పెరిగే అమెరికాను మార్చిందని. చేతులు కట్టుకుని కూర్చున్న మా అమ్మాయి ఆ మాట దగ్గర కళ్లు దించుకుంది. తమ్ముడు అక్కవైపు చూశాడే గాని చప్పట్లు కొట్టలేదు.

పిల్లలకు నేను ఆ రాత్రే ఒక సంగతి చెప్పాను. అమ్మమ్మ ఆగమన్నదీ, ఆయన ఆగినదీ ఒకటి కాదు. మనం ఆగేది మన గురించి భయపడి. ఆయన ఆగింది ఓటు వేయాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు కనుక, ఓడిపోబోతున్న మనిషి వెనక లక్షల మంది ఉన్నారు కనుక. నా పిల్లలకు ఆ రెండో ఓర్పు కావాలి. మొదటిది నాతోనే ఆగిపోయినా నాకు బాధలేదు.

అయితే ఎంతకాలం ఆగాలి? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. మే 31న పార్టీ కమిటీ ఫ్లోరిడా, మిషిగన్ ప్రతినిధులకు తలా అర ఓటు ఇచ్చి తగాదా తీర్చింది. గెలుపు గీత 2,118 ప్రతినిధి ఓట్ల దగ్గర స్థిరపడింది. జూన్ 3న చివరి రెండు రాష్ట్రాలూ ఓటు వేశాయి, సూపర్ డెలిగేట్లు ఒబామా వైపు చేరారు, అంకె దాటింది. ఆ రాత్రే సెయింట్ పాల్‌లో, డెమొక్రాటిక్ అభ్యర్థిని నేనేనని ఒబామా ప్రకటించారు. హిల్లరీ అప్పటికి ఓటమి ఒప్పుకోలేదు. ఆమె వైదొలగింది జూన్ 7న. ఆమె ఒప్పుకునేదాకా ఆయన ఆగలేదు. అదీ సబబే. లెక్క తేలేదాకా ఆగడం మర్యాద. తేలాక కూడా ఎదుటివాళ్ల అనుమతి కోసం చూస్తే అది అణకువ కాదు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఆ అలవాటు నేర్పనే కూడదు.

ఆ వసంతంలోనే మా అమ్మాయికి కోరుకున్న విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఫీజు కట్టేదాకా ఎవరికీ చెప్పవద్దని మా అమ్మ. అమ్మాయి చెప్పలేదు, కానీ కారణం వేరు. దాని ప్రాణస్నేహితురాలు అదే చోట వెయిటింగ్ లిస్టులో ఉంది. ఆ పిల్లకు రాదని తేలిన రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి తన సంగతి తానే చెప్పింది, చాలాసేపు అక్కడే ఉంది. మర్నాడు బడిలో అందరికీ చెప్పింది, ఆ విశ్వవిద్యాలయం పేరున్న చొక్కా వేసుకుని. మా అమ్మ ఆ చొక్కా చూసి ఏమీ అనలేదు, ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీసింది.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి పాత్రలు తారుమారయ్యాయి. 2016లో అదే అభ్యర్థిత్వం కోసం జరిగిన పోటీలో ముందున్నది హిల్లరీ, వెనకున్నది బెర్నీ శాండర్స్. కాలిఫోర్నియాలో చదువుతున్న మా అబ్బాయి శాండర్స్ వైపు. జూన్ 6 రాత్రి, కాలిఫోర్నియా ఓటు వేయడానికి సరిగ్గా ముందు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ హిల్లరీకి కావలసిన సంఖ్య వచ్చేసిందని ప్రకటించింది. "ఇంకెందుకు వెళ్లి నిలబడటం?" అని వాడు నాకు ఫోనులో మండిపడ్డాడు. వాడి కోపం న్యాయమైనదే. వరసలో నిలబడబోయేవాడికి ఫలితం ముందే చెప్పేయడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

నేను వాడికి నచ్చజెప్పేలోపే అక్క ఫోను చేసింది. ఆ వార్త వచ్చాక కూడా హిల్లరీ లాంగ్ బీచ్‌లో గెలిచానని అనలేదని, రేపు ఆరు చోట్ల ఓటింగ్ ఉందనే చెప్పిందని వాడికి వివరించింది. "రేపు రాత్రి నేను పండగ చేసుకుంటాను, ఈ రాత్రి కాదు. నువ్వు పొద్దున్నే వెళ్లి మీవాడికి ఓటు వెయ్యి" అంది. వాడు వెళ్లి వేశాడు.