ఐరిస్ మడిలో గరిక

పొద్దున్నుంచి గాలి ఆగలేదు. ఇవాళ్టికి స్ప్రేయర్ పక్కన పెట్టాల్సిందే.

బియర్డెడ్ ఐరిస్ అనే పూల మొక్క దుంప సగం నేలపైకి తేలి ఉంటుంది కదా. గ్లైఫోసేట్ అనే కలుపు మందు తుంపర ఐరిస్ ఆకు మీద పడినా చాలు, దుంప దాకా దిగిపోతుంది.

దుబ్బు మధ్యలో దూరిన గరికకి చేతొడుగు పద్ధతే నయం. లోపల నైట్రైల్ గ్లవ్, పైన నూలు గ్లవ్. 41 శాతం గ్లైఫోసేట్ మందు ఒక వంతు, నీళ్లు రెండు వంతులు. వేళ్ల దగ్గర తడిపి గట్టిగా పిండాలి, చుక్క కారకూడదు. తర్వాత గరిక పోచల్ని మాత్రమే నిమరాలి. ఓపిక పనే!

ఫ్లూయాజిఫాప్ అనే మరో కలుపు మందు గడ్డినే చంపి ఐరిస్‌ని వదిలేస్తుంది. లేబుల్‌లో ఐరిస్ పేరుందో లేదో చూసుకుని కొట్టండి. తుంగకి మాత్రం అది పనిచేయదు, తుంగ అసలు గడ్డి జాతే కాదు మరి. గడ్డలతో సహా తవ్వి తీయడమే.