సెల్ కౌంటర్ పక్కనే సాగిన ల్యాబ్ టెక్నీషియన్ ప్రిపరేషన్

రైల్వే నియామక బోర్డుల పారామెడికల్ పరీక్షకు సిద్ధమవుతున్న తోటి అభ్యర్థుల కోసం, ముఖ్యంగా ఏదో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారి కోసం ఈ అనుభవాలు రాస్తున్నాను. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు ఉండే ఈ పరీక్షలో 70 ప్రశ్నలు మన వృత్తి విషయాల నుంచే వస్తాయి. ప్రతి తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత పడుతుంది. ఈ లెక్క చూడగానే చాలామంది బిట్ బ్యాంకుల వెంట పడతారు. ఒంగోలులో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తూ చదివిన నాకు మాత్రం, రోజంతా ఎదురుగా ఉండే యంత్రాలే ఎక్కువ నేర్పాయి. యంత్రం ఒక అంకెను ఎలా ఇస్తుందో, ఏ పరిస్థితుల్లో పొరబడుతుందో తెలిస్తే హెమటాలజీ, బయోకెమిస్ట్రీ సిలబస్‌లో పెద్ద భాగం అక్కడే పూర్తవుతుంది.

రక్తకణాలను లెక్కించే యంత్రమైన సెల్ కౌంటర్‌నే తీసుకుందాం. 1953లో వాలెస్ కౌల్టర్‌కు పేటెంటు లభించిన సూత్రం మీదే నేటికీ చాలా యంత్రాలు కణాలను లెక్కిస్తున్నాయి. విద్యుత్తు ప్రవహించే ద్రవంలో సన్నని రంధ్రం గుండా కణం దాటినప్పుడు విద్యుత్ నిరోధం క్షణకాలం పెరిగి ఒక పల్సుగా నమోదవుతుంది. ఎన్ని పల్సులు వస్తే అన్ని కణాలు, పల్సు ఎంత ఎత్తుంటే కణం అంత పెద్దది. అంటే ఆ రంధ్రం దాటేది ఏ కణమో యంత్రానికి తెలియదు, దాని పరిమాణం మాత్రమే తెలుసు. పరీక్షలో ఇచ్చే చిక్కు ప్రశ్నలు చాలావరకు ఈ ఒక్క వాక్యం నుంచే పుడతాయి. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారి ముక్కలైన ఎర్రకణాలు ప్లేట్‌లెట్ల లెక్కలో ఎందుకు కలుస్తాయి, గుంపు కట్టిన ప్లేట్‌లెట్లు లెక్కకు ఎందుకు అందవు అన్నవి అలాంటివే.

రెండోదాన్ని కాస్త వివరంగా చెప్పాలి. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్లు 40 వేల లోపు చూపించిన రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. రోగి నిలకడగా ఉండి, ఒంటి మీద ఎర్రటి మచ్చలేవీ లేకపోతే, స్మియర్ (గాజు స్లైడు మీద పలుచగా పరిచిన రక్తపు పొర) చేసి, మైక్రోస్కోపులో దాని చివరి పలుచని అంచున చూడండి. అక్కడ ప్లేట్‌లెట్లు ద్రాక్ష గుత్తుల్లా అంటుకుని కనిపిస్తే, లోపం రక్తంలో కాక లావెండర్ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ వల్ల కలిగిందని అర్థం. అప్పుడు నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కించి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ కలుస్తుంది కాబట్టి పదిని తొమ్మిదితో భాగిస్తే ఆ 1.1 వస్తుంది. ఈ కారణం తెలిసినవారికి గుణకాన్ని కంఠతా పట్టాల్సిన పని ఉండదు. మైక్రోస్కోపు కింద కణాలను మనమే లెక్కించే గళ్ల స్లైడు, అంటే పాత న్యూబౌర్ చాంబర్ లెక్కలూ ఇదే దారిలో తేలిపోతాయి. తెల్లకణాలకు 50, ఎర్రకణాలకు 10,000 అనే గుణకాలను డైల్యూషన్ (రక్తాన్ని ఎన్ని రెట్లు పలుచన చేశామన్నది), లెక్కించిన వైశాల్యం, 0.1 మిల్లీమీటరు లోతు ఆధారంగా మీరే ఒకసారి రాబట్టండి.

ఎం.సి.హెచ్.సి. (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత, గ్రా./డెసిలీటరులో) 37 దాటిన ప్రతి రిపోర్టునూ అనుమానించడం అలవాటు చేసుకోండి. ఎర్రకణంలో హిమోగ్లోబిన్ పట్టడానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిందంటే, కొవ్వుతో పాలలా తెల్లబడిన ప్లాస్మా వల్ల హిమోగ్లోబిన్ ఎక్కువగా నమోదై ఉండాలి, లేదా చలికి ఎర్రకణాలు గుంపు కట్టి వాటి సంఖ్య తగ్గి ఉండాలి. రెండో సందర్భంలో ట్యూబును 37 డిగ్రీల వద్ద వెచ్చబెట్టి మళ్లీ నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. ఎర్రకణాలు బంతిలా గుండ్రంగా మారే వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్‌లో మాత్రం ఈ విలువ నిజంగానే పెరుగుతుంది, కాబట్టి స్లైడు చూడకుండా నిర్ణయానికి రాకూడదు.

బయోకెమిస్ట్రీలో మాకు నిత్యం ఎదురయ్యేది శాంపిల్ ప్రయాణం. దర్శి, పొదిలి, కనిగిరి వైపు సేకరణ కేంద్రాల నుంచి ఒంగోలుకు శాంపిళ్లు బస్సులో వస్తాయి. సీరం వేరు చేయకుండా పంపిన ప్లెయిన్ ట్యూబులో కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి; గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఐసు పెట్టెలో పెట్టి పంపితే గ్లూకోజు నిలుస్తుంది గానీ, పొటాషియాన్ని లోపల నిలిపే కణపు పంపు చలికి మందగించి పొటాషియం బయటకు కారుతుంది. బూడిద రంగు మూత ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్, కణాలు గ్లూకోజును వాడుకోవడానికి కావలసిన ఎనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందన్నది తరచూ అడిగే ప్రశ్న. ఆ అడ్డుకట్ట పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుందన్న సంగతి మాత్రం తక్కువ మంది చదువుతారు. ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. నీటిలో ఫ్లోరైడును కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడూ (ఒక రకం అయాన్‌కే స్పందించేది), మన ఎలక్ట్రోలైట్ ఎనలైజర్‌లో సోడియం, పొటాషియంలను కొలిచే ఎలక్ట్రోడ్లూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి.

రియేజెంట్ (పరీక్షలో వాడే రసాయనం) పెట్టెలో మడిచి వచ్చే కాగితాన్ని చాలా ల్యాబుల్లో చూడకుండానే చెత్తబుట్టలో వేస్తారు. నా ఉద్దేశంలో అంతకు మించిన ఉచిత పాఠ్యపుస్తకం లేదు. సూత్రం, తరంగదైర్ఘ్యం, లీనియారిటీ (ఎంత విలువ వరకు ఫలితాన్ని నమ్మవచ్చో), ఏ పదార్థాలు ఫలితాన్ని చెడగొడతాయో అన్నీ అందులో ఉంటాయి. మెసేజి గ్రూపుల్లో తిరిగే బిట్లలో జవాబులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు నేను దీన్నే చూసేవాడిని.

క్వాలిటీ కంట్రోల్ అధ్యాయాన్ని చార్టు చూస్తూ చదవండి. కంట్రోల్ శాంపిల్ ఫలితాలను చుక్కలుగా గుర్తించే 1950 నాటి లెవీ-జెన్నింగ్స్ చార్టుకు, ఆ చుక్కల తీరును బట్టి దోషాన్ని పట్టే వెస్ట్‌గార్డ్ నియమాలు 1981లో తోడయ్యాయి. రియేజెంట్ లాటు (తయారీ విడత) మారాక చుక్కలన్నీ సగటుకు ఒకే వైపున వరుస కట్టడం మీరు చూసి ఉంటే, వరుసగా పది ఫలితాలు ఒకే వైపు పడ్డాయా అని చూసే నియమం క్రమబద్ధ దోషాన్ని (ఫలితాలన్నింటినీ ఒకే వైపు లాగే తప్పును) పట్టిస్తుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. జన్యు పదార్థాన్ని పరీక్షించే మాలిక్యులర్ విభాగంలో క్షయ పరీక్షలైన సీబీనాట్, ట్రూనాట్‌లను, క్షయ మందు రిఫాంపిసిన్‌కు నిరోధకతను చూపే ఆర్.పి.ఒ.బి. జన్యువును, డి.ఎన్.ఎ. ప్రతులను పెంచే పి.సి.ఆర్.లోని మూడు దశలను చదివితే ఆ ప్రశ్నలకు సరిపోతుంది. క్షయ బ్యాక్టీరియాకు రంగు పట్టించే జీల్-నీల్సన్ స్టెయినింగ్‌ను మాత్రం వదలకండి. యంత్రాలు ఎన్ని వచ్చినా స్టెయిన్లపై ప్రశ్నలు తగ్గలేదు.

మిగిలిన 30 మార్కుల్లో అంకగణితం, రీజనింగ్ కోసం రోజూ కొంత సమయం కేటాయిస్తే చాలు. ఇక దరఖాస్తు విషయానికొస్తే, 2024 నోటిఫికేషన్‌లో ల్యాబ్ అసిస్టెంట్ గ్రేడ్-2 పోస్టుకు సైన్సుతో ఇంటర్, దానిపై డి.ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) అడిగారు, ల్యాబ్ సూపరింటెండెంటుకు డిగ్రీ స్థాయి అర్హత ఉండాలి. డిప్లొమాతో ఆగినవారు ఈ తేడాను ఫీజు కట్టే ముందే చూసుకుని, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ గడువు తీరి ఉంటే ఇప్పుడే రెన్యువల్ చేయించుకోండి.