పాప సీటు కోసం వెళ్తే నా గురించి అడిగారు – నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా పాపకు ఒకటో తరగతిలో సీటు ఖాయమైంది. ఫీజు రసీదు ఇంకా నా కుట్టుమిషన్ సొరుగులోనే ఉంది. దీనికోసం నెలన్నర తిరిగాం. తిరగడం పెద్ద కష్టం కాదు. మధ్యలో ఒక స్కూల్లో అరగంట కూర్చున్నాం చూడండి, అది మాత్రం ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప తగ్గేలా లేదు.

మాది విజయవాడ సింగ్‌నగర్. పాప యూకేజీ దాకా మా వీధి చివరి బడిలోనే చదివింది. అక్కడ పై తరగతులు లేవు, అందుకే వేరే స్కూలు వెతకాల్సి వచ్చింది.

కాగితాల పని తొందరగానే అయిపోయింది. పాప జనన ధ్రువపత్రం 2024 వరదలో పోయింది. వార్డు సచివాలయంలో అడిగితే ఇంకోటి తెప్పించి ఇచ్చారు. ఆధార్‌కు వేలిముద్రలు వేయించాం. ఐదేళ్లు నిండాక అది తప్పనిసరి, ఏడేళ్లలోపు వేయిస్తే ఉచితం. అక్కడ డబ్బులు అడిగితే ఇవ్వకండి.

ఇక ఆ స్కూలు సంగతి. పేరు రాయను. పెద్ద బిల్డింగు, నాలుగు బస్సులు, ఊరంతా బోర్డులు. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. అక్కడి ఓనరు పిల్లలు ఆ స్కూల్లోనే చదువుతారట, అందుకని మన పాప కూడా అక్కడే చదవాలని ఆయన ఆశ. అప్లికేషన్‌కే వెయ్యి రూపాయలు తీసుకున్నారు. సీటు రాకపోయినా వెనక్కి ఇవ్వరు.

ఆ అప్లికేషన్‌లో మూడో పేజీ మొత్తం తల్లి గురించే. అంతా ఇంగ్లీషు. తల్లి చదువు, ఉద్యోగం, ఏడాది ఆదాయం, స్వభావం, ఇష్టమైనవి. కింద ఒక గీత గీసి 'తల్లి తన సొంత మాటల్లో రాయాలి' అని ఉంది. నేను ఇంటర్ చదివాను, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. రాయాలంటేనే భయం. నెట్ సెంటర్ అబ్బాయికి యాభై రూపాయలిచ్చి నింపమన్నాం. నన్ను ఒక్క మాట అడగకుండా టకటకా కొట్టేశాడు. హౌస్‌వైఫ్, వంట, టీవీ చూడటం, దైవభక్తి. అందరికీ ఇదే రాస్తానక్కా, ఏం కాదు అన్నాడు. నేనూ సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే.

ఇంటర్వ్యూకి పిలిచారు. పాపను వేరే గదిలోకి తీసుకెళ్లి రంగులు, అంకెలు అడిగారు. మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఒక మేడమ్, పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకబ్బాయి. మేడమ్ ఆ మూడో పేజీ తిప్పి, నా గురించి నన్ను చెప్పమంది, ఇంగ్లీషులో. నేను పేరు చెప్పాను. ఊరు చెప్పాను. తర్వాత ఒక్క మాట రాలేదు. నోరు పిడచకట్టుకుపోయింది. తెలుగులో చెప్పొచ్చా మేడమ్ అని అడిగాను. ఆవిడ నవ్వి, ఇంట్లో పాపకు హోంవర్క్ ఎవరు చేయిస్తారమ్మా మరి అని తెలుగులోనే అంది. తెలుగు వచ్చిన మనిషే!

తర్వాత నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగింది. మీరు చెప్పండి, ఆవిడ ఏం చేస్తుంటారు అని. నేను అక్కడే ఉన్నాను, ఆయన పక్క కుర్చీలోనే. ఆయన కంగారుపడి, "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది. తనకు పెద్దగా ఏం తెలీదు" అనేశారు.

అప్పుడే పాపను తీసుకొచ్చారు. గుమ్మంలోంచి ఆ మాట విన్నట్టుంది, "మా అమ్మ జాకెట్లు కుడుతుంది" అంది గట్టిగా. ఓ, టైలరా అని మేడమ్ ఆ పేజీ మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో నాకు కనపడలేదు. రాత్రి ఎనిమిదింటికి సీటు లేదని మెసేజ్ వచ్చింది. కారణం లేదు.

మూడు రోజులు మా ఆయనతో మాట్లాడలేదు. వంట చేశాను, క్యారేజీ కట్టాను, మాట మాత్రం లేదు. నాలుగో రోజు ఆయనే, ఆ గదిలో నాకూ చెమటలు పట్టాయే, ఏం అంటున్నానో తెలీలేదు అన్నారు. నిజమే అయ్యుంటుంది. అయినా ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

ఆ పేజీకి నా జవాబు ఇప్పుడు రాస్తున్నాను, నా సొంత మాటల్లో.

నేను పుట్టింది తోట్లవల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్లో. మా నాన్న కౌలుకు పసుపు, అరటి వేసేవారు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా బట్టలు, జుట్టు అన్నీ అదే వాసన. ఇంటర్ ఉయ్యూరులో చదివాను, బైపీసీ. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైతే ఊరంతా తియ్యటి మడ్డి వాసన కొట్టేది. చాలామంది ముక్కు మూసుకునేవాళ్లు, నాకు మాత్రం ఇష్టం. నర్సింగ్ చేద్దామనుకున్నాను. ఆ ఏడు పసుపు ధర పడిపోయింది, నాకు పెళ్లి చేశారు.

కుట్టు మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. ఆది జాకెట్టు ఇస్తే చాలు, క్రాస్ కటింగ్ అయినా ప్రిన్సెస్ కట్ అయినా దింపేస్తాను. పదకొండేళ్లలో ఒక్క జాకెట్టు కూడా చంక దగ్గర పట్టేసిందని నా దగ్గరికి వెనక్కి రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. శ్రావణమాసంలో రాత్రి ఒంటిగంట దాకా కుడతాను. ఇంటి అద్దె నా డబ్బుల్లోంచే కడుతున్నాం.

స్వభావం అన్నారు కదా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు మూడు గండ్లు పడి నీళ్లు మా వీధిలోకి వచ్చేశాయి. గుమ్మం దాటడం, మోకాలిదాకా రావడం చూస్తుండగానే అయిపోయింది. నేను ముందు అటక మీదికి ఎక్కించింది మా బీరువాలో సామాన్లు కాదు, జాకెట్లు కుట్టమని జనం ఇచ్చిన పట్టుచీరలు. పంతొమ్మిది చీరలు. అవి సర్ది కిందికి దిగేసరికి మా కాగితాల ఫైలు నీళ్లలో తేలుతోంది. పాప జనన ధ్రువపత్రం అందులోనే పోయింది. మా అత్తగారు తిట్టారు, ముందు మనవి చూసుకోవాలి గానీ అని. చీరలు పోతే వాళ్లకు నేనేం చెప్పుకోవాలి? డాబా మీద నాలుగు రోజులున్నాం, హెలికాప్టర్ల నుంచి పొట్లాలు వేశారు, అవే తిన్నాం. నీళ్లు తీశాక పంతొమ్మిది చీరలూ మడత నలగకుండా ఎవరివి వాళ్లకు ఇచ్చాను. మిషన్ తుప్పు పట్టింది, బాగు చేయించుకున్నాను. నా స్వభావం అదండీ.

ఇష్టమైనవి. నూజివీడు చిన్న రసాలు, కోసుకుని కాదు, పిసికి తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవాలి. మంగళగిరి నేత చీర, నిజాం అంచుది. ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లు. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కొట్టే గాలి. రేడియో. విజయవాడ కేంద్రం 1948లో పెట్టినది, మా ఇంట్లో పొద్దున్నే భక్తిరంజని వినపడకపోతే నాకు మిషన్ తొక్కబుద్ధి కాదు. టీవీ నేను చూడను. నెట్ సెంటర్ అబ్బాయి ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని.

చట్టం సంగతి తర్వాత తెలిసింది. నా దగ్గర కుట్టించుకునే ఒక లాయరమ్మ కొలతలిస్తూ, అసలు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయడమే తప్పు కదమ్మా అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి వడపోయకూడదట. పెడితే మొదటిసారి 25,000 రూపాయలు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఈ చట్టం, మా పాపకు ఆరు నిండాయి. డొనేషన్ అడగడం కూడా అదే సెక్షన్ కింద నేరం. వయసు కాగితం లేదని సీటు ఇవ్వననడానికి వీల్లేదని 14వ సెక్షన్. ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని 12వ సెక్షన్. దానికి దరఖాస్తు తేదీ మాకు దాటిపోయింది. మీరు దాటనివ్వకండి. స్కూళ్ల బోర్డుల మీద ఇవేవీ రాయరు.

ఫిర్యాదు చేద్దామా అని ఆవిడ అడిగారు. మా ఆయన వద్దన్నారు. నేను ఇంకా వద్దనలేదు. మెసేజ్, వెయ్యి రూపాయల రసీదు రెండూ దాచాను. మీరూ రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఇంకోటి, అప్లికేషన్ ఎవరు నింపినా మీరు చెప్పిందే రాయించండి. భర్తకు ముందు రోజే చెప్పి ఉంచండి, నా గురించి నన్నే అడగమను అని.

రెండో స్కూలు మాకు రెండు వీధుల అవతల. చెట్టు ఉంది, బస్సులు లేవు. హెడ్‌మిస్ట్రెస్ గారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెలుగులో కబుర్లు చెప్పించారు. అప్లికేషన్ ఒకటే పేజీ. నేనే నింపాను. తల్లి వృత్తి దగ్గర దర్జీ అని రాశాను. ఆవిడ చూసి, యూనిఫాం బయట కొనక్కర్లేదన్నమాట, గుడ్డ ఇస్తాం, మీరే కుట్టుకోండమ్మా అన్నారు. ఫీజు రెండు విడతల్లో కట్టమన్నారు.

సోమవారం నుంచి బడి. రెండు జతలు కుట్టాలి, ఒకటి అయింది. పాప ఎదుగుతుంది కదా, గౌను అంచు మూడంగుళాలు లోపలికి మడిచి కుడుతున్నాను.